దెయ్యాల బొమ్మల పుస్తకాలు బీరువాలోనే ఉండనిద్దాం



వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశం ఎజెండాలో నాలుగో అంశం చూడ్డానికి చాలా చిన్నది. ‘పిల్లల బీరువాలోని దెయ్యాల కామిక్స్ తొలగించుట’ అని ఒక్క లైను. హాలు అద్దె, ఉగాది లెక్కలు అయ్యేసరికి అందరూ గడియారం చూసుకుంటూ ఉంటారు. అప్పుడు ఇది వస్తుంది, నాలుగు చేతులు లేస్తాయి, అయిపోతుంది. అందుకని నా మాట ముందే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సంగతి తెలియనివారి కోసం. కిందటేడు మన సభ్యుల కుటుంబం ఒకటి ఇల్లు మారుతూ రెండు అట్టపెట్టెల పుస్తకాలు గ్రంథాలయానికి ఇచ్చింది. అమెరికాలో 1950ల్లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ లాంటి పత్రికల పునర్ముద్రణ సంపుటాలు, జపాన్ రచయిత జుంజి ఇటో కథల పుస్తకాలు రెండు, ఢిల్లీ రాజ్ కామిక్స్ వారి ‘థ్రిల్ హారర్ సస్పెన్స్’ పుస్తకాలు కొన్ని అందులో ఉన్నాయి. బొమ్మల పుస్తకాలే కదా అని అన్నింటినీ పిల్లల బీరువాలో సర్దేశారు. ఈమధ్య ఒక తల్లి ఫిర్యాదు చేశారు. ఆమె ఎనిమిదేళ్ల కొడుకు అందులో ఒకటి చదివి రెండు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదట.

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. జుంజి ఇటో పుస్తకం ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి అందే అరలో ఉండకూడదు. దానికి మందు ఆ పుస్తకాన్ని పై అరలో పెట్టడం. మొత్తం కట్ట కట్టి పాత కాగితాలవాడికి వేసెయ్యడం మందు కాదు. ఎందుకంటే మన గ్రంథాలయంలో అంచులు నలిగిన పుస్తకాలు ఏవో వెళ్లి చూడండి. ఇవే. పిల్లలు అడిగి తీసుకెళ్తున్నవి ఇవే. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆలోచించకుండా తీసేస్తే, పుస్తకాలతోపాటు పిల్లలూ పోతారు.

నేను అనేది ఇది. పిల్లలను ఈ పుస్తకాల దగ్గర కూర్చోబెడుతున్నవి మూడు: త్వరగా ముగిసే చిన్న కథ, పక్కన కూర్చుని చెప్పే ఒక గొంతు, చివర్లో ఒక తీర్పు. రక్తం, కోరలు పైపూత. ఆ మూడూ ఒకప్పుడు మన పిల్లలకు తెలుగులో దొరికేవి. ఇప్పుడు దొరకటం లేదు గనుక ఇంగ్లీషులో, హిందీలో వెతుక్కుంటున్నారు.

ముందు ఈ పుస్తకాల పుట్టుక చెప్పుకుందాం. న్యూయార్కులో మాక్స్ గేన్స్ అనే ప్రచురణకర్త ‘ఎడ్యుకేషనల్ కామిక్స్’ అనే సంస్థ పెట్టి బైబిల్ కథలను బొమ్మల్లో అచ్చువేసేవాడు. 1947లో పడవ ప్రమాదంలో ఆయన పోయాడు. కెమిస్ట్రీ మాస్టారు కావాలనుకుంటున్న పాతికేళ్ల కొడుకు విలియం గేన్స్ నెత్తిన ఆ సంస్థ పడింది. అతను పేరులో ‘ఎడ్యుకేషనల్’ తీసి ‘ఎంటర్‌టైనింగ్’ అని పెట్టాడు. రెండు మాటలకూ ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒకటే గనుక ‘ఈసీ’ అనే ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది. చదువు పేరుతో నడవని బండి వినోదం పేరుతో పరుగెత్తింది. ఆదివారం తెలుగు తరగతులు నడుపుతున్న మనం ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

అల్ ఫెల్డ్‌స్టీన్ అనే రచయిత, చిత్రకారుడు అతనికి తోడయ్యాడు. 1950లో మూడు పత్రికలు మొదలుపెట్టారు. కొద్ది నెలల్లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’గా పేరు మార్చుకున్నది ఒకటి. ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’, ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’ మిగతా రెండు. రెండు నెలలకొకసారి వచ్చేవి. వెల 10 సెంట్లు. సంచికకు మామూలుగా నాలుగు కథలు, కథకు ఆరు నుంచి ఎనిమిది పేజీలు. సంచికకూ సంచికకూ కథ సాగదు. ఎక్కడ పట్టుకున్నా అక్కడే మొదలు, అక్కడే ముగింపు.

చదవడం ఇంకా బరువుగా ఉన్న పిల్లవాడికి ఇది ఎంత పెద్ద సాయమో ఆలోచించండి. మూడొందల పేజీల నవల చేతికిస్తే వాడికి ముందు కనిపించేది కొండ. ఎనిమిది పేజీల కథ గుమ్మం లాంటిది, ఒక్క అడుగు వేస్తే దాటేస్తాడు. పైగా ఈసీ వాళ్ల పేజీల్లో మాటలు తక్కువేమీ కాదు. ఫెల్డ్‌స్టీన్ ముందుగా అట్టమీదే కథంతా రాసేవాడు. ఆ అక్షరాలు నింపాక మిగిలిన చోటులో చిత్రకారుడు బొమ్మ వెయ్యాలి. పేజీలో సగం దాకా అక్షరాలే నిండి ఉంటాయి. బొమ్మల పుస్తకాలు చదివితే అక్షరం రాదనే వాళ్లు ఒక్క పేజీ తిరగేస్తే చాలు. తలుపు వెనక ఏముందో తెలియాలంటే ఆ పేరా దాటాల్సిందే మరి.

రెండోది, కథ చెప్పే గొంతు. ఆ మూడు పత్రికలకూ ముగ్గురు కథకులు ఉన్నారు. క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ముసలి మంత్రగత్తె. కథకు ముందు వచ్చి పలకరిస్తారు, చివర్లో వచ్చి ఒక వెకిలి జోకు వేసి పోతారు. ఒకరి పత్రికలోకి ఒకరు దూరి ఎకసెక్కాలాడతారు. ఈ పద్ధతి వాళ్లకు రేడియో నుంచి వచ్చింది. 1930ల్లో ‘ది విచెస్ టేల్’ అనే నాటకాల కార్యక్రమంలో నాన్సీ అనే ముసలి మంత్రగత్తె కథలు చెప్పేది. చిన్నప్పుడు గేన్స్, ఫెల్డ్‌స్టీన్ అవి విన్నవాళ్లే.

ఆ కథకుడు చేసే పని చిన్నది కాదు. ‘ఇది కథ, నేను నీ పక్కనే ఉన్నాను, అయిపోగానే నవ్వుకుందాం’ అని పిల్లవాడికి చెప్పేది అతనే. బావిలోకి తొంగిచూసే పిల్లవాడి నడుం పట్టుకునే పెద్ద చెయ్యి అది. ఆ చెయ్యి ఉంటే తొంగిచూడటం సరదా, లేకపోతే ప్రమాదం. చీకట్లో ఒక్కడే ఫోన్లో దెయ్యం వీడియో చూసేవాడికి ఆ చెయ్యి లేదు. మనం ఈ పుస్తకాలు తీసేస్తే వాడు వెళ్లేది అక్కడికే.

మూడోది తీర్పు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1952లో ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’లో గ్రహమ్ ఇంగెల్స్ బొమ్మలు వేసిన ఒక కథ ఉంది. పేరు ‘పొయెటిక్ జస్టిస్’. చెత్త ఎత్తే పేద ముసలాయన ఒకడు. వీధి పిల్లలంటే ఆయనకు ప్రాణం. పక్కన ఉండే డబ్బున్న తండ్రీకొడుకులకు ఆయన ఇల్లు కంటికి నలుసు. ఆయనకున్న వాటిని ఒక్కొక్కటే దూరం చేస్తారు. చివరికి వాలెంటైన్స్ డే రోజున, ఊరంతా రాసినట్టుగా, మనసు కోసే మాటలతో కార్డులు పంపుతారు. ఆయన ప్రాణం తీసుకుంటాడు. సరిగ్గా ఏడాదికి అదే రోజున గోతిలోంచి లేచి వచ్చి తన జవాబు తాను ఇస్తాడు. 1972లో ఇంగ్లండులో తీసిన సినిమాలో ఆ ముసలాయన వేషం పీటర్ కుషింగ్ వేశాడు.

ఈ కథ చదివిన పిల్లవాడు చచ్చినవాడు లేచినందుకు భయపడతాడు. కానీ వాడి మనసు ఎవరి పక్షాన ఉంటుంది? ఆ దెయ్యం పక్షాన. బడిలో పెద్ద పిల్లల చేత దెబ్బలు తిన్నవాడికి, ‘నీ యాస ఏంట్రా’ అని ఎగతాళి పడ్డవాడికి, బతికున్న లోకంలో జరగని న్యాయం ఎనిమిది పేజీల్లో జరిగిపోతుంది. మామూలు నీతికథ ‘మంచిగా ఉండు’ అని బాధపడ్డవాడికే చెబుతుంది. ఈ కథ బాధపెట్టినవాడికి చెబుతుంది. పిల్లలకు ఆ తేడా బాగా తెలుసు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. చెట్టుమీంచి దించిన శవాన్ని భుజాన వేసుకుని, చేత కత్తి పట్టుకుని, శ్మశానంలో నడిచే రాజు బొమ్మ మీలో ఎంతమందికి గుర్తుంది? ఆ పత్రిక పుట్టింది మన చెన్నపట్నంలోనే. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామ. తమిళంలో అంబులిమామా, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము, కన్నడంలో చందమామే. బరంపురంలో ఉన్న మనవాళ్లూ, షోలాపూరులో ఉన్న మనవాళ్లూ, బెంగుళూరు, యానాం వాళ్లూ ఏ లిపిలో చదివినా చూసింది ఆ బేతాళుణ్ణే. ఆ బొమ్మను ఏళ్ల తరబడి వేసినవారు తమిళులైన శంకర్ గారు. 2020లో ఆయన పోయినప్పుడు ఏ భాష పత్రిక చూసినా ఆ శవం బొమ్మే వేశారు.

ఆలోచించి చూడండి. నెలనెలా ఇంట్లోకి ఒక శవం వచ్చేది. అది మాట్లాడేది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని రాజును బెదిరించేది. ఏ తండ్రీ ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టలేదు. పైగా పిల్లవాడికంటే ముందు తాను చదివి ఇచ్చేవాడు.

బేతాళ కథ కట్టుబడి చూస్తే ఈసీ వాళ్ల కథ కట్టుబడే. చిన్న కథ ఉంది. కథ చెప్పే చచ్చినవాడు ఉన్నాడు. చివర్లో తీర్పు ఉంది. మళ్లీ నెల కొత్త కథ. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. సోమదేవుడు పదకొండో శతాబ్దంలో కథాసరిత్సాగరంలో చేర్చినవి అవి. చందమామ ఆ చట్రాన్ని తీసుకుని కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాలపాటు నడిపింది. పిల్లలకు ఆ చట్రం అంత ఇష్టం.

తేడా కూడా ఒప్పుకోవాలి. ఈసీ కథల్లో తీర్పు దెయ్యమే అమలు చేస్తుంది. చదివేవాడు చూసి గుటకలు మింగడమే. బేతాళుడు మాత్రం తీర్పు చెప్పమని అడుగుతాడు. రాజు నోరు విప్పేలోపు మనం మన జవాబు అనుకుంటాం. అన్నం తింటూ అక్క ఒకటంటుంది, తమ్ముడు ఇంకోటంటాడు. నా దృష్టిలో మన బేతాళుడిదే మేలైన పద్ధతి. ఈసీ కథలు వరసగా పది చదివితే పదకొండోదాని ముగింపు ముందే తెలిసిపోతుంది. అయినా పిల్లలు చదువుతారు. పాట తెలిసినా మళ్లీ వింటాం కదా, అలా.

ఇక పెద్దవాళ్లు భయపడినప్పుడు ఏం జరిగిందో చూద్దాం. మన సమావేశానికి అసలు పనికొచ్చే కథ ఇదే.

ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు న్యూయార్కులో ఉండేవాడు. మంచి మనిషే. నల్లజాతి పేదలు ఉండే హార్లెంలో 1946లో చవక వైద్యశాల నడిపినవాడు. పిల్లలు నేరాలు చేయడానికి కామిక్స్ కారణమని ఆయన గట్టిగా నమ్మి 1954లో ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ అనే పుస్తకం రాశాడు. అంతకుముందే, 1948లో, కొన్ని ఊళ్లలో పిల్లల చేతే కామిక్స్ కుప్పపోయించి తగలబెట్టించారు. 1954 ఏప్రిల్ 21న సెనేట్ ఉపసంఘం న్యూయార్కులో విచారణ జరిపింది. వెర్థమ్ మాట్లాడాక అదే రోజు గేన్స్ వెళ్లి కూర్చున్నాడు. నరికిన ఆడమనిషి తల, గొడ్డలి ఉన్న అట్ట చూపించి ‘ఇది మంచి అభిరుచేనా’ అని సెనేటర్ కెఫావర్ అడిగితే, ఈ రకం పుస్తకానికి మంచిదే అన్నాడు. మర్నాటి పత్రికలకు ఆ మాట చాలింది.

ప్రభుత్వం ఏ చట్టమూ చేయలేదు. ప్రచురణకర్తలే బెదిరిపోయి ఆ ఏడాదే తమకు తాము ఒక నియమావళి రాసుకున్నారు. పేరులో ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలు ఉండకూడదు. రక్తపిశాచాలు, లేచి నడిచే శవాలు, తోడేలు మనుషులు ఉండకూడదు. ముద్ర లేని పుస్తకాన్ని దుకాణాలకు చేరవేసేవాళ్లు ముట్టుకునేవారు కాదు. 1955 మొదట్లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ ఆఖరి సంచిక వచ్చింది. అయిదేళ్ల బతుకు.

ఆ నియమావళి దెయ్యాలతో ఆగిందా? లేదు. ఇదే ఈసీ సంస్థ 1953లో ‘జడ్జ్‌మెంట్ డే’ అనే సైన్సు కథ వేసింది. ఒక గ్రహంలో అందరూ మరమనుషులే. నారింజ రంగువాళ్లు నీలం రంగువాళ్లను వేరే వాడల్లో, వేరే బస్సు సీట్లలో ఉంచుతారు. భూమి నుంచి తనిఖీకి వెళ్లిన వ్యోమగామి ‘మీరింకా మాతో కలవడానికి తగరు’ అని చెప్పి వెనక్కి బయల్దేరతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తాడు. అతను నల్లజాతి మనిషి. 1956లో దీన్ని మళ్లీ అచ్చు వేయబోతే, వ్యోమగామి నల్లవాడు కాకూడదని నియమావళి అధికారి పట్టుబట్టాడు. గేన్స్ వినలేదు. ఒక్క గీత మార్చకుండా అచ్చువేశాడు. ఆ సంస్థ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. తర్వాత వాళ్లకు మిగిలింది ‘మ్యాడ్’ అనే హాస్య పత్రిక.

పిల్లలను కాపాడతామని పట్టుకున్న కత్తెర ఎంత దూరం పోతుందో చూశారా? శవాలతో మొదలై, మనిషి ఒంటి రంగు దాకా వెళ్లింది. పైగా ఆ కత్తెరకు పదును పెట్టిన సాక్ష్యం కూడా నిక్కమైనది కాదు. వెర్థమ్ దాచుకున్న కాగితాలను కేరల్ టిల్లీ అనే పరిశోధకురాలు పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదానికి తగ్గట్టు మార్చాడని, పెంచాడని 2012లో బయటపెట్టారు. అప్పటికి అరవై ఏళ్లు దాటిపోబోతున్నాయి.

ఇంకొక్క సంఘటన చెప్పి ఈ భాగం ముగిస్తాను. 1954 సెప్టెంబరులో స్కాట్లాండులోని గ్లాస్గోలో వందలమంది పిల్లలు కర్రలు, కత్తులు పట్టుకుని ఒక పెద్ద శ్మశానంలో జొరబడ్డారు. ఇనప పళ్లున్న పిశాచం ఇద్దరు పిల్లలను తినేసిందని వాళ్లలో పుకారు. అలా ఎవరూ చనిపోలేదు. పెద్దలు వెంటనే ‘అమెరికా దెయ్యాల కామిక్సే కారణం’ అన్నారు. మరుసటి ఏడు, 1955లో, బ్రిటన్‌లో అలాంటి పుస్తకాల మీద చట్టమే వచ్చింది. తీరా వెతికితే ఇనప పళ్ల పిశాచం ఏ కామిక్‌లోనూ దొరకలేదు. ఇనప పళ్ల మృగం బైబిల్లో దానియేలు గ్రంథంలో ఉంది. ఇనప పళ్ల జెన్నీ అనే ముసలిది స్కాట్లాండు పాత పద్యంలో ఉంది. అంటే పెద్దలు చేతికిచ్చిన పుస్తకాల్లోనే ఉంది. పిల్లలకు భయం ఎక్కడినుంచి వస్తుందో మనం అనుకున్నంత తేలిగ్గా కనిపెట్టలేం.

ఇప్పుడు మన సభ్యుల అభ్యంతరాలు. నేను విన్నవి మూడు.

మొదటిది, ఇవి మూఢనమ్మకాలు పెంచుతాయని. మన సంఘంలో హేతువాదులు ఉన్నారు, వారి మీద నాకు గౌరవం. వారికి ఒక్క పేరు గుర్తుచేస్తాను. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయనకంటే గట్టి హేతువాదిని తెలుగు సాహిత్యంలో వెతకడం కష్టం. ఆయన చేతిమీదుగానే నెలనెలా బేతాళుడు చెట్టెక్కాడు. కథలో దెయ్యాన్ని దెయ్యంగా చూసినవాడికి అది కథ అని తెలుసు. మూఢనమ్మకం పుట్టేది ‘ఇది నిజం’ అని చెప్పేచోట. టీవీ సీరియల్లో పూనకాలు, ఫోన్లలో తిరిగే తాయెత్తుల ప్రకటనలు ఆ పని చేస్తున్నాయి. క్రిప్ట్ కీపర్ ఎవరినీ తాయెత్తు కట్టుకోమనలేదు.

రెండోది, ఆడవాళ్లను చూపించిన తీరు. ఇది నిజమైన అభ్యంతరం. ఈ పాత సంపుటాల్లో భార్యను చంపే భర్తలు, భర్తను చంపే భార్యలు లెక్కలేనంతమంది. అట్టల మీద ఆడమనిషి హింసను అమ్మకపు సరుకు చేసిన మాట వాస్తవం. అలాంటి పుస్తకం చిన్నపిల్లల అరలో ఉండకూడదని నేనూ చేయెత్తుతాను. పెద్ద పిల్లలు చదివితే పక్కన కూర్చుని ‘దీన్ని ఇలా ఎందుకు వేశారంటావు’ అని అడగాలి.

మూడోది, నిద్ర. పిల్లలందరూ ఒకలా ఉండరు. ఒకడు నవ్వి పడుకుంటాడు, ఇంకొకడు పక్క తడుపుతాడు. ఏ పిల్లవాడు ఎలాంటివాడో తల్లికి తెలుసు, సంఘానికి తెలియదు. అందుకని తన బిడ్డ సంగతి తేల్చే హక్కు తల్లికి ఉండాలి. అందరి బిడ్డల సంగతి ఒకేసారి తేల్చే హక్కు కార్యవర్గానికి అక్కర్లేదు.

చివరిగా అసలు మాట. ఇది ఇంగ్లీషు కామిక్స్ గొడవ కాదు, మన తెలుగు గొడవ. మన పిల్లలకు వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో వినే తెలుగు. చదివే తెలుగు ఎక్కడా లేదు. ఆదివారం తరగతికి వచ్చినవాళ్లకు గుణింతాలు, నాలుగు వేమన పద్యాలు ఇస్తున్నాం. నేర్పే అమ్మలు జీతం లేకుండా ఎంతో ఓర్పుతో నేర్పుతున్నారు, వారిని అనడం లేదు. కానీ అక్షరాలు వచ్చిన పిల్లవాడు ఆ తర్వాత ఏం చదవాలి? ‘తర్వాత ఏమైంది’ అని పేజీ తిప్పించే పుస్తకం ఏది మన దగ్గర?

ఆంధ్రలో ఊళ్లకు ఊళ్లు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న కాలం మీలో చాలామందికి తెలుసు. కర్ణాటకలో ఉన్న మన చుట్టాలకు ‘నాళె బా’ తెలుసు. రాత్రి తలుపు తట్టే ఆ దెయ్యం గోడమీది రాత చదివి, రేపు వద్దాం లెమ్మని వెనక్కి పోతుంది. రోజూ అదే చదువుతుంది, రోజూ పోతుంది. అంటే దెయ్యానికి తెలుగు చదవడం వచ్చు. మన పిల్లలకు రాదు. నవ్వొచ్చే మాటే, కానీ నవ్వి ఊరుకునే మాట కాదు.

అందుకని ఆదివారం నేను పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. ముగ్గురు సభ్యులు ఆ పుస్తకాలన్నీ చదవాలి. అందులో ఒకరు ఫిర్యాదు చేసిన తల్లి కావాలి, వారు ఒప్పుకుంటే. పుస్తకం పేరు చూసి కాదు, పుస్తకం తెరిచి చూసి నిర్ణయించాలి. జుంజి ఇటో లాంటివి, దారుణమైన అట్టలున్నవి పెద్దల బీరువాకు పోతాయి. మిగతావి పై అరలో ఉంటాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి ఇప్పించాలి. ఏ పుస్తకమూ పారేయడం ఉండదు.

రెండు. మన దగ్గర ఉన్న పాత చందమామలను బైండు చేయించి అదే అరలో, వాటి పక్కనే పెట్టాలి. క్రిప్ట్ కీపర్ కోసం వచ్చినవాడికి బేతాళుడు కనబడాలి.

మూడు. వచ్చే ఉగాదికి మనమే ఒక పుస్తకం వేద్దాం. నాలుగు కథలు, కథకు ఎనిమిది పేజీలు, అన్నీ బొమ్మలతో. కథ చెప్పేది మన పెద్దవాళ్లు, బొమ్మ వేసేది మన పిల్లలు. పెద్ద అక్షరాల తెలుగు, వత్తులు విడిగా కనిపించేలా. హోసూరు అవ్వ చెప్పిన కథ హోసూరు తెలుగులోనే ఉండాలి, కోయంబత్తూరు తాత చెప్పింది ఆయన తెలుగులోనే ఉండాలి. పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు. చింతచెట్టు, పాడుబడ్డ బావి, మునీశ్వరుడి గుడి, కొరివి దెయ్యం, ఆఖరి బస్సు పోయిన రోడ్డు. మనకు సరుకు కరువా? కథ చెప్పే పాత్ర ఎవరో పిల్లలే తేల్చుకోనివ్వండి. కథ చివర్లో మాత్రం బేతాళుడి పద్ధతి పెడదాం. తప్పు ఎవరిది అని ఒక ప్రశ్న, కింద జవాబు రాయడానికి నాలుగు గీతలు. ఆ నాలుగు గీతలూ తెలుగులో నిండితే ఆ పుస్తకం ఖర్చు గిట్టినట్టే.

ఆ పుస్తకానికి ఒక్క నియమం చాలు. దెయ్యం చచ్చినవాళ్లలోంచే రావాలి. బతికున్న పక్కింటి ముసలమ్మ మీద, ఒంటరి ఆడమనిషి మీద మంత్రగత్తె ముద్ర పడే కథ ఒక్కటీ వద్దు. చేతబడి నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలుగు రాష్ట్రాల నుంచీ ఒడిశా నుంచీ ఇప్పటికీ వస్తున్నాయి. దెబ్బతిన్నవాడి పక్షాన నిలిచే దెయ్యమే మనకు కావాలి. ‘పొయెటిక్ జస్టిస్’లో చెత్త ఎత్తే ముసలాయన లాంటిది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సమావేశం. నాలుగో అంశం దాకా ఎవరూ లేచి వెళ్లొద్దని మనవి. నాతో ఒప్పుకోనివారు తప్పకుండా రండి, మీ మాట వినాలి. వచ్చేటప్పుడు మీ అమ్మమ్మో నాయనమ్మో చెప్పిన దెయ్యం కథ ఒకటి గుర్తు చేసుకుని రండి. రాయడం చేతకాకపోతే చెప్పండి చాలు, రాసుకునే పని నాది.